పెన్ను బాగోలేదు

మార్చి 2, సోమవారం

మూడు కాలేజీల నుంచి ఒకే రోజు ఇంటర్వ్యూ పిలుపులు వచ్చాయి. మూడూ పళ్ళ డాక్టరు చదువుకే. రెండేళ్ళు వరసగా పరీక్ష తప్పి మొహం వేలాడేసుకున్నదాన్ని, ఒక్కసారిగా మూడు కవర్లు చూసేసరికి గుమ్మంలోనే చతికిలబడ్డాను. పడ్డాననుకుని అమ్మ పరుగెత్తుకొచ్చింది. కవర్లు చూపిస్తే వాటిని పక్కన పెట్టి ముందు నా మోకాళ్ళు తడిమి చూసింది.

మూడింటికీ పేర్లు పెట్టేశాను. ఒకటి దూరం కాలేజీ. రైల్లో ఒక రాత్రీ సగం పగలూ ప్రయాణం. రెండోది కుటుంబం కాలేజీ. అక్కడ నాతోపాటు అమ్మానాన్నల్ని కూడా కూర్చోబెట్టి మాట్లాడతారట. మూడోది ఊళ్ళో కాలేజీ. బస్సెక్కితే ఇరవై నిమిషాలు. నేను పనిచేసే ల్యాబు కిటికీలోంచి దాని నీళ్ళ ట్యాంకు కనిపిస్తుంది. ఆరేళ్ళుగా ఆ ట్యాంకును చూస్తూనే ఊరందరికీ కట్టుడు పళ్ళు తయారుచేస్తున్నాను. ఎప్పటికైనా ఆ గేటు లోపలికి వెళ్ళాలని తప్ప నాకు వేరే కోరికేమీ లేదు.

చిక్కేమిటంటే దూరం కాలేజీ, ఊళ్ళో కాలేజీ రెండూ పందొమ్మిదినే రమ్మన్నాయి. ఎవరికైనా సరే, వస్తామో రామో పదో తేదీలోగా ఫోన్ చేసి చెప్పాలి.

ఊళ్ళో కాలేజీ కాగితంలో అడుగున చిన్న అక్షరాలతో ఏదో పేరా ఉంది. రేపు చదువుతాను.

ఈ పెన్ను బాగోలేదు.

మార్చి 3, మంగళవారం

టీ ఒలికింది. రెండు చుక్కలే. ఆ కప్పు పిడి ఎప్పుడూ అంతే.

మార్చి 4, బుధవారం

చదివాను. ఇంటర్వ్యూ రోజున ముందుగా ఒక మైనం దిమ్మ, ఒక చాకు ఇస్తారట. నమూనా చూసి నలభై నిమిషాల్లో పన్ను చెక్కాలి. చెక్కుతున్నంతసేపూ పరీక్షకులు పక్కనే నిలబడి చూస్తారు.

ఇంతేనా! చేపపిల్లకు ఈత పరీక్ష పెట్టినట్టుంది.

మేస్త్రి కూడా అదే అన్నాడు. ల్యాబు ఆయనదే. నలభై ఏళ్ళుగా మైనం, ప్లాస్టరు తప్ప వేరే లోకం తెలియని మనిషి. "అదృష్టమంటే నీదేనమ్మా. మిగతా పిల్లలు చాకు ఏ వైపు పట్టుకోవాలో తెలియక ఛస్తారు. నువ్వు పన్ను చెక్కి, అది నవ్వేలా చేసి మరీ ఇస్తావు" అని పొంగిపోయాడు. పొంగిపోతూ వచ్చి నా వెనక నిలబడ్డాడు. నేను చాకు కింద పెట్టేసి నీళ్ళు తాగడానికి వెళ్ళాను.

ఎవరైనా వెనక నిలబడితే నాకు పని సాగదు. అందరికీ అంతేగా.

మార్చి 6, శుక్రవారం

ఒక పళ్ళ సెట్టు వెనక్కి వచ్చింది. ముందు పన్ను ఒకటి వాలిందట. పెట్టుకున్న ముసలాయన అద్దంలో చూసుకుని, "ఇది నా మొహం కాదు" అన్నాడట. అచ్చు సరిగ్గా రాలేదని మేస్త్రికి చెప్పాను. ఆయన ప్లాస్టరు అచ్చును తీసుకుని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు. ఏమీ అనకుండా దాన్ని అరలో పెట్టేశాడు.

అనేస్తే బాగుండేది.

కొత్త పెన్ను కొన్నాను.

మార్చి 7, శనివారం

ఊళ్ళో కాలేజీ గురించి చల్లగా ఆలోచిస్తే అంత గొప్పదేమీ కాదు. భవనాలు పాతవి. ఇంట్లోంచి వెళ్ళి చదివితే చదువు వంటబట్టదు. మనిషి నాలుగు ఊళ్ళు తిరగాలి. పైగా ఈ రోజుల్లో కూడా మైనం చెక్కమనడమేమిటి? అన్నీ మిషన్లు చేస్తున్నాయి. దూరం కాలేజీలో మార్కులు చూసి నాలుగు ప్రశ్నలు అడుగుతారు, అంతే. అదీ పద్ధతి.

దూరపు కొండలు నునుపు అంటారు. అననీ.

కుటుంబం కాలేజీ అసలు వద్దు. నేనేమన్నా బళ్ళో పిల్లనా, అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని వెళ్ళడానికి? నాన్న అంతసేపు కుర్చీలో కూర్చోలేడు. వాళ్ళు మర్యాదకి కాఫీ ఇస్తారు. నాన్న కప్పు అందుకుంటాడు.

వద్దు.

మార్చి 9, సోమవారం

కుటుంబం కాలేజీకి ఫోన్ చేసి రానని చెప్పేశాను. అమ్మకి మాత్రం అక్కడ హాస్టలు బాగోదట అన్నాను. "ఎవరన్నారే?" అంది. తెలిసినవాళ్ళు అన్నాను. నాన్న వింటున్నాడు.

దూరం కాలేజీకి వస్తానని చెప్పాను.

ఊళ్ళో కాలేజీకి రేపు చేస్తాను. రానని చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు.

మార్చి 10, మంగళవారం

చేశాను. ఫోనెత్తిన గుమస్తా ఆవిడ గొంతు హాయిగా ఉంది. పందొమ్మిదిన నాకు వేరే చోట ఇంటర్వ్యూ ఉంది, రాలేనండీ అన్నాను. ఎంతో బాధపడుతున్నట్టు కూడా అన్నాను. అక్కడితో ఫోన్ పెట్టేయాల్సింది.

"దానికేం తల్లీ, నీలాంటివాళ్ళు ఇంకా ముగ్గురున్నారు. మీకోసమే ఇరవైమూడున ఇంకో రోజు పెట్టారు. రాసుకోనా?" అంది.

గోడ మీది క్యాలెండరులో ఇరవైమూడు వెతికాను.

"హలో, ఉన్నావా?"

"చెప్తానండీ" అన్నాను.

"పన్నెండు సాయంత్రంలోగా చెప్పు మరి. నీకు మంచి మార్కులున్నాయి, పోగొట్టుకోకు" అంది. ముక్కూ మొహం తెలియని మనిషి, నా మంచి కోరింది. ఆవిడ మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. రెండూ ఒకే రోజు కాబట్టి ఊళ్ళోది వదిలేశానని మాత్రమే చెప్పాను. అమ్మ నిట్టూర్చింది.

మార్చి 11, బుధవారం

ఈ కొత్త పెన్ను కూడా బాగోలేదు. 'ళ' రాస్తుంటే చివర తోక దానంతటదే వంకర పోతోంది.

సరే, రాస్తాను. ఎవరు చదువుతారు కనుక.

నాన్న గడియారాలు బాగుచేసేవాడు. మా వీధి మలుపులో చిన్న కొట్టు. కంటికి అద్దం తగిలించుకుని, ట్వీజరుతో ఆవగింజలో సగం ఉండే మరలను పట్టి బిగించేవాడు. నాకు పన్నెండేళ్ళప్పుడు ఒక రోజు, "నీ దస్తూరీ ముత్యాల్లా ఉంటుందమ్మా, ఇక నుంచి చీటీలు నువ్వే రాయి" అన్నాడు. నాకు రెక్కలొచ్చాయి. బడి నుంచి తిన్నగా కొట్టుకే వెళ్ళేదాన్ని. రిపేరుకి వచ్చిన గడియారానికి దారంతో చీటీ కట్టాలి. దాని మీద నాన్న చెప్పింది రాయాలి. రానురాను నాన్న ఒకటే చెప్పేవాడు. "పార్టు లేదు అని రాయమ్మా." దీనికి పార్టు లేదు. దీనికీ లేదు. ఆ రెండేళ్ళలో వందలసార్లు రాసి ఉంటాను. ఒక్కోదాని కింద గీత కూడా గీసేదాన్ని, అందం కోసం.

ఇప్పుడు నాన్న గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటాడు. సగం నింపిన గ్లాసు. చొక్కా బొత్తాలు అమ్మ పెడుతుంది. పిల్లలకి కూడా ఇది వస్తుందా అని అప్పట్లో అమ్మ డాక్టరుని అడిగింది. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడట. వాన సంగతి చెప్పినట్టు.

నాది అది కాదు. నాది నిద్ర చాలక. టీ ఎక్కువై.

టీ మానేస్తాను.

మార్చి 12, గురువారం

ల్యాబుకు వెళ్ళలేదు. ఒంట్లో బాగోలేదని చెప్పాను. అమ్మ బజారుకు వెళ్ళింది. మధ్యాహ్నం నాన్నా నేనూ మాత్రమే ఉన్నాం. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. నేను నేల మీద కూర్చుని దూరం కాలేజీకి తీసుకెళ్ళాల్సిన సర్టిఫికెట్లు సర్దుతున్నాను. కాగితాలు గలగలమంటున్నాయి. ఫ్యాను గాలికి అనుకున్నాను. తల ఎత్తి చూస్తే ఫ్యాను తిరగడం లేదు.

నాన్న చూస్తున్నాడు.

"ఊళ్ళో కాలేజీ వాళ్ళకి ఏం చెప్పావమ్మా?" అన్నాడు.

"చెప్పాగా నాన్నా, రెండూ ఒకే రోజని."

"వాళ్ళేమన్నారు?"

"ఏమంటారు, సరేనన్నారు."

నాన్న కాసేపు వీధిలోకి చూశాడు. తర్వాత మామూలుగా, ధర అడిగినంత మామూలుగా, "పార్టు లేదని చెప్పావా?" అన్నాడు.

నా చేతిలో కాగితాలు కింద పడిపోయాయి. ఈసారి ఒలికింది రెండు చుక్కలు కాదు. ఎన్నాళ్ళదో అంతా ఒక్కసారే వచ్చింది. ఆయన వచ్చి పక్కన కూర్చోవాలని లేవబోయాడు. లేవలేక మళ్ళీ కూర్చున్నాడు. నేనే వెళ్ళి ఆయన మోకాలికి తల ఆనించాను.

"ఆ గడియారాలన్నిటికీ పార్టులు ఉన్నాయి. డ్రాయరు నిండా ఉండేవి. వెనక మూత తీసి పని చేసే చెయ్యే లేదు. ఆ మాట నోటితో చెప్పలేక నీ చేత రాయించాను. నీకేమో దస్తూరీ బాగుందని చెప్పాను" అన్నాడు.

"నా దస్తూరీ బాగానే ఉండేది నాన్నా."

"బాగుండేది. అబద్ధం కూడా అందంగా కనిపించేది." నవ్వబోయాడు. కుదరలేదు. "రెండేళ్ళు డాక్టరు దగ్గరికి పోలేదమ్మా. ముందే పోతే ఏదన్నా ఆగేదా అంటే, తెలియదు. ఆగేది కాదేమో కూడా. మూత తీయకుండా జబ్బు చెప్పేవాడు మెకానిక్కే కాదని అందరినీ వెక్కిరించేవాణ్ణి. నా మూత మాత్రం తీయించుకోలేదు."

"నాది అదే అయితే?"

కాదులే అంటాడని చూశాను. అనలేదు. ఆయన చెయ్యి నా తల మీద కదులుతూనే ఉంది. నిమురుతున్నాడో, వణుకుతోందో.

నాలుగున్నరకి ఫోన్ చేశాను. "ఇరవైమూడు రాసుకోండి" అన్నాను. "మంచిపని చేశావు తల్లీ" అంది ఆవిడ. ఏమాత్రం మంచిపనిలా లేదు.

మార్చి 14, శనివారం

భయం.

మార్చి 20, శుక్రవారం

దూరం కాలేజీ నుంచి తిరిగొచ్చాను. ఇంటర్వ్యూ పది నిమిషాలు. మార్కులు చూశారు, ఈ చదువు ఎందుకన్నారు, ఖాళీ ఉంటే ఏం చేస్తావన్నారు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మధ్యలో పెద్ద బల్ల అడ్డం. నా చేతులు ఎవరూ చూడలేదు. బయటికొచ్చాక హాయిగా ఉంటుందనుకున్నాను. దొంగతనం చేసి వచ్చినట్టుంది.

మార్చి 23, సోమవారం

ముందు జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొడుగాటి బల్ల దగ్గర మేం నలుగురం. తలా ఒక మైనం దిమ్మ, చాకు. నమూనా కింది దవడ పెద్ద పన్ను. చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఇలాంటివి ఎన్ని చేశానో లెక్కలేదు. నా పక్కనున్న కుర్రాడు దిమ్మని సబ్బులా తిప్పుతున్నాడు. మేస్త్రి చెప్పింది నిజమే.

పది నిమిషాలు బాగా నడిచింది. చాకు నా మాట వింది. అప్పుడు పెద్ద డాక్టరమ్మ వచ్చి నా పక్కన నిలబడింది. తెల్లటి పొట్టి జుట్టు, మెడలో వేలాడే కళ్ళజోడు. నిలబడింది, అంతే. చాకు మొన సన్నగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. నాకు తెలియకుండానే ల్యాబులో చేసే పనే చేశాను. ఉంగరం వేలును దిమ్మ అంచుకు గట్టిగా ఆనించాను. చాకు నిలబడింది.

"ఆ వేలెందుకు ఆనించావు?" అంది.

"ఆనించకపోతే వణుకుతుందండీ."

"ఏమిటి, భయమా?"

తలుపు తీసి పెట్టినట్టు అడిగింది. అవునండీ అంటే అయిపోయేది. పరీక్షలో ఎవరికి భయం ఉండదు? ఆవిడ నవ్వి పక్క కుర్రాడి దగ్గరికి వెళ్ళిపోయేది. ఆ 'అవును' నా నాలుక చివరికి వచ్చింది కూడా. చీటీ మీద గీసిన గీత గుర్తొచ్చింది.

"భయం ఉందండీ. కానీ ఇది భయం వల్ల వచ్చింది కాదేమో. మా నాన్నకి ఉంది."

"డాక్టరుకి చూపించుకున్నావా?"

"లేదండీ."

"ఎందుకని?"

"తెలిసిపోతుందని."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని నా చేతిని చూసింది. మొహం కాదు, చేతిని. తర్వాత తన కాగితం మీద ఏదో రాసుకుంది. కొంచెం కాదు, మూడు నాలుగు వాక్యాలు. "పని ఆపకు, ఇంకా టైముంది" అని వెళ్ళిపోయింది.

పూర్తిచేశాను. ఒక మూల కాస్త పల్లంగా వచ్చింది. నాకు తప్ప ఎవరికీ కనిపించదు. ఆవిడకి కనిపిస్తుంది.

ఇంటికొచ్చి చెప్తే అమ్మ తల పట్టుకుంది. "అడిగినదానికి అడిగినట్టు చెప్పి రాక, ఇంటి గుట్టంతా విప్పి పోసొచ్చావా? చేతులారా చేసుకున్నావు కదే!" అంది. నాన్న మాత్రం, "పన్ను పూర్తయిందా?" అని అడిగాడు.

"అయింది నాన్నా."

"ఊఁ" అన్నాడు.

మార్చి 29, ఆదివారం

ఏమీ రాలేదు. మేస్త్రి రోజుకోసారి అడుగుతున్నాడు. ఆ ముసలాయన వెనక్కి పంపిన సెట్టును మళ్ళీ చేసిచ్చాను. తప్పు అచ్చుది కాదు, నాదేనని మేస్త్రికి చెప్పాను. "ఆ రోజే తెలుసు. నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తున్నా" అన్నాడు. అయినా నాకు పని తగ్గించలేదు. రేపు తగ్గిస్తాడేమో.

ఏప్రిల్ 6, సోమవారం

దూరం కాలేజీలో సీటొచ్చింది. ఇరవైఐదులోగా చేరాలి. అమ్మ ఏడ్చేసింది. నేను నవ్వాను. బాగానే నవ్వాననుకుంటాను.

ఏప్రిల్ 8, బుధవారం

ఊళ్ళో కాలేజీ కాగితం.

సీటు ఇస్తారట. ఒక షరతు. నరాల డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకుని, చేతి గురించి ఆయన రాసిచ్చిన రిపోర్టు ఇరవైలోగా తెచ్చివ్వాలి. అది చూశాకే చివరి మాట. రిపోర్టు లేకపోతే సీటు లేదు.

నాలుగుసార్లు చదివాను. ప్రతిసారీ అవే మాటలు.

"ఇంకేముంది, దూరం వాళ్ళ దగ్గరికే పో. వాళ్ళు ఏమీ అడగలేదు. అడగని వాళ్ళకి చెప్పడమెందుకు?" అంది అమ్మ. అమ్మ తప్పేమీ లేదు. రోజూ ఒకరి బొత్తాలు పెడుతోంది. ఇంకొకరి బొత్తాల సంగతి ఆలోచించడం ఆవిడ వల్ల కాదు.

పోవచ్చు. పెట్టె సర్దుకుని రేపే పోవచ్చు. నాలుగేళ్ళు చదువుతాను, ఉంగరం వేలు ఆనిస్తాను, ఎవరూ కనిపెట్టరు. తర్వాత ఒక రోజు ఒక మనిషి కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని నోరు తెరుస్తాడు. మైనం దిమ్మకి నొప్పి లేదు.

పోనీ పరీక్ష చేయించుకుంటే? అదే జబ్బని తేలితే ఊళ్ళోది పోతుంది. తెలిశాక దూరం వాళ్ళని మోసం చెయ్యలేను, అదీ పోతుంది. ల్యాబులో పని కూడా ఎన్నాళ్ళో. ఒక్క కాగితంతో మూడూ పోతాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే. తెలియకుండా ఉంటే ఇంకో రెండేళ్ళు హాయిగా బతకొచ్చు.

హాయి అట.

ఏప్రిల్ 9, గురువారం

ఇంటర్వ్యూలకి వెళ్ళాలో వద్దో తేల్చుకోవడమే కష్టమనుకున్నాను. అదెంత.

ఏప్రిల్ 10, శుక్రవారం

నాన్న తన పాత డ్రాయరు తీయించాడు. అడుగున ఒక చేతి గడియారం ఉంది. దారంతో చీటీ. 'పార్టు లేదు', కింద గీత. ఆ మనిషి మళ్ళీ రాలేదట. నాన్న దాన్ని నా ముందుకు తోసి, "వెనక మూత తీయి" అన్నాడు.

"నాకు రాదు నాన్నా."

"బాగుచెయ్యమనలేదు. తీసి చూడమన్నాను."

తీశాను. చాకు మొన రెండుసార్లు జారింది. వేలు ఆనించి మూడోసారి లేపాను. లోపలంతా శుభ్రంగా మెరుస్తోంది. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. ఏది విరిగిందో నాకు తెలియలేదు. నాన్న చెప్పలేదు.

డాక్టరు దగ్గర పేరు రాయించాను. పద్నాలుగున.

ఏప్రిల్ 14, మంగళవారం

ఆస్పత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. పుస్తకం సంచిలో వేసుకునే వచ్చాను. మా నంబరు పద్దెనిమిది. ఇప్పుడు పదిహేను లోపల ఉంది. గోడ దగ్గర బల్ల, ఫినాయిల్ వాసన. పక్కన నాన్న. అమ్మ రానంది. మేం బయల్దేరాక గేటు దాకా వచ్చి, "గొడుగు తీసుకెళ్ళండి" అంది. ఆకాశంలో మబ్బు తునక లేదు.

లోపలినుంచి వచ్చినావిడ చెప్పింది, డాక్టరు ఎక్కువేమీ చేయడట. చేతులు చాపమంటాడు, ముక్కు ముట్టుకోమంటాడు. ఒక తెల్ల కాగితం ఇచ్చి ఏదైనా ఒక వాక్యం రాయమంటాడు. అది చూస్తాడట.

పదహారు.

భయంగా ఉంది. ఇన్నాళ్ళూ ఎన్ని రకాలుగా రాశాను ఈ మాటని. భయంగా ఉంది. లేచి వెళ్ళిపోదామంటే నాన్న వెంటనే అంటాడు, సరే పద అని. ఆయన అనడని తెలిస్తే లేచేదాన్నేమో.

నాన్న నా మణికట్టు పట్టుకున్నాడు. ఇలా పట్టుకుంటే రాయలేను కదా, వదులు అనొచ్చు. వదలమనడం లేదు. ఈ అక్షరాలు ఇలా ఉన్నది అందుకే అని రాయబోయి ఆగాను.

పదిహేడు.

ఈ పెన్ను మార్చి రెండున బాగోలేదన్న పాత పెన్నే. పొద్దున వెతికి తెచ్చుకున్నాను. డాక్టరు తన పెన్ను ఇస్తే తీసుకోను, దీంతోనే రాస్తాను. ఏం రాయాలో కూడా అనుకున్నాను.

పెన్ను బాగానే ఉంది.

పిలుస్తున్నారు.